మేపుల్ గిటార్‌కి ఏ క్లియర్ కోట్: లక్కరా, పీయూనా, నూనెనా?

పోయిన వేసవిలో కందుకూరు నుంచి ఒక కుర్రాడు గిటార్ నెక్ (ఎడమ చేత్తో పట్టుకునే పొడుగు భాగం) ఒక్కటే ఊడదీసి, పాత దుప్పట్లో చుట్టుకుని, కావలి బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు. చర్చిలో వాయిస్తాడు. మేపుల్ అనే లేత రంగు చెక్కతో చేసిన నెక్ అది. మొదటి అయిదు ఫ్రెట్ల (అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) దగ్గర పైపూత అరిగిపోయి చెక్క బయటపడింది. అందులోకి వేళ్ళ మురికి దిగి నల్లబడింది.

"అన్నా, దీనికి మళ్ళీ క్లియర్ కొట్టియ్యాల. పాత ఫెండర్ కంపెనీ గిటార్ల మాదిరి తేనె రంగు రావాల. ఏది కొడితే అట్టా వస్తాది?"

నేను నెక్‌ని తిరగేసి, బాడీలోకి దిగి స్క్రూలతో బిగిసి ఉండే మడమ వైపు చూపించాను. అక్కడ చెక్క పచ్చి కొబ్బరి తెలుపులో ఉంది. దానికి అంగుళం పైన లేత నెయ్యి రంగు. రెండింటి మధ్య స్కేలు పెట్టి గీసినట్టు గీత. చెక్క ఒకటే, ఫ్యాక్టరీలో కొట్టిన పూతా ఒకటే. మడమ మాత్రం ఎనిమిదేళ్ళుగా వెలుతురు చూడలేదు.

ఏ పూత కొడితే ఏ రంగు వస్తుందని అడిగేవాళ్ళు మర్చిపోయేది ఇదే. రంగు మారేది పూత ఒక్కటే కాదు, కింద ఉన్న చెక్క కూడా. గడప పక్కన ఎండ పడేచోట వారం రోజులు వదిలేసిన దినపత్రిక ఎలా పసుపు తిరుగుతుందో చూశారు కదా. న్యూస్‌ప్రింట్‌లో మిగిలిన లిగ్నిన్ అనే పదార్థం వెలుతురుకీ గాలికీ మారిపోవడం వల్ల అలా అవుతుంది. మేపుల్‌లోనూ అదే లిగ్నిన్. కొత్తగా చెక్కినప్పుడు మీగడలా ఉండే చెక్క, అతినీలలోహిత కిరణాలు తగిలే కొద్దీ వెన్న రంగుకి, తర్వాత లేత తేనెకి వస్తుంది. హాల్లో గోడకి తగిలించి "ఎండలో పెట్టలేదే" అనుకుంటాం గానీ, కిటికీ అద్దం ఆ కిరణాల్లో ఒక భాగాన్నే ఆపుతుంది, మిగతావి లోపలికి వస్తూనే ఉంటాయి. కాబట్టి ఎంత పసుపు తిరగని క్లియర్ కొట్టినా మేపుల్ కొంత రంగు తిరిగే తీరుతుంది. దానిమీద ఇంకెంత కలుస్తుంది, చేతికి ఎలా తగులుతుంది, మన చెమటకి ఎన్నాళ్ళు ఆగుతుంది అన్నవే పూత తేల్చే సంగతులు.

పూత వాటా ఎంతో చూడాలంటే 1970ల ఫెండర్ నెక్ ఒకటి దొరికితే చాలు. 1950ల మొదట్లో టెలికాస్టర్ గిటార్ వచ్చినప్పటి నుంచి ఆ కంపెనీ నెక్‌లకి నైట్రోసెల్యులోజ్ లక్కర్ కొట్టేది. 1968 ప్రాంతంలో మందపాటి పాలియెస్టర్‌కి మారింది. అయితే హెడ్‌స్టాక్ (నెక్ చివర ఉండే తల) మీద అంటించే లోగో డెకాల్‌కి పాలియెస్టర్ పడేది కాదు. అందుకని హెడ్‌స్టాక్ ముందు భాగానికి మాత్రం నైట్రోనే ఉంచారు. యాభై ఏళ్ళయ్యాక ఇప్పుడు ఆ గిటార్లని చూస్తే తల ముందు భాగం ముదురు తేనె రంగులో, అదే నెక్ వెనక భాగం పాలిపోయి ఉంటుంది. ఒకే చెక్కముక్క మీద రెండు పూతలు, రెండు రంగులు.

ఇక ఒక్కొక్కటీ.

నైట్రో, అంటే మన పెయింట్ షాపుల్లో ఎన్‌సీ లక్కర్. అందరికీ మోజు దీని మీదే. పసుపు తిరగడం దీని పుట్టుకలోనే ఉంది. సెల్యులోజ్‌కి తగిలించిన నైట్రేట్ గుంపులు వెలుతురుకీ వేడికీ మెల్లగా విడిపోతుంటాయి, విడిపోయిన నైట్రోజన్ ఆక్సైడ్లు మిగతా పూతని ఇంకా తొందరగా పాడు చేస్తాయి. పూతని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ కూడా ఏళ్ళ తరబడి ఆవిరవుతూ పోతుంది. పూత పెళుసెక్కుతుంది. కింద చెక్క వానాకాలం ఉబ్బి వేసవిలో ముడుచుకుంటే పైన సన్నని పగుళ్ళు లేస్తాయి. ఆ పగుళ్ళకే డబ్బులు పోసేవాళ్ళు ఉన్నారు. గిబ్సన్ గిటార్ల కంపెనీ ఇప్పటికీ నైట్రోనే వాడుతుంది. ఫెండర్ కూడా 2022లో తెచ్చిన అమెరికన్ వింటేజ్ 2 సిరీస్‌లో కొన్ని మోడళ్ళకి నైట్రో వేసింది.

దీనిలో నాకు నచ్చేది రంగు కాదు, రిపేరు. థిన్నర్ ఆరిపోవడం వల్లే గట్టిపడుతుంది తప్ప లోపల రసాయనిక ముడి పడదు. కాబట్టి ఇరవై ఏళ్ళ తర్వాత కొత్త కోటు కొట్టినా పాతదాన్ని కాస్త కరిగించుకుని ఒకటైపోతుంది. దెబ్బ తగిలిన చోట చుక్క వేసి రుద్దితే అతుకు కనపడదు. పీయూలో, అంటే పాలియురెథేన్‌లో, ఆ సుఖం లేదు.

కానీ మన కోస్తాలో దీన్ని కొట్టడం ఒక పరీక్ష. నేను మొదటిసారి ఎన్‌సీ కొట్టింది నవంబర్‌లో. తుపాను వెళ్ళిన రెండో రోజు, వాన ఆగింది కదా అని పెరట్లో రేకుల కింద స్ప్రే గన్ పట్టాను. అయిదు నిమిషాల్లో నెక్ మొత్తం మజ్జిగ పోసినట్టు తెల్లబడింది. థిన్నర్ గబగబా ఆవిరైపోతూ పూత పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ అక్కడ నీరై పూతలో ఇరుక్కుంటుంది. పాలిష్ పని చేసేవాళ్ళు బ్లషింగ్ అంటారు. నిదానంగా ఆరే రిటార్డర్ థిన్నర్ పలచగా కొడితే చాలావరకు విడిపోతుంది. నేను సంక్రాంతి దాకా ఆగి అదే చేశాను. హెడ్‌స్టాక్ వంపులో గోరంత మబ్బు ఇప్పటికీ అలానే ఉంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలు మన మీద ఉన్నన్నాళ్ళు, ఎన్‌సీ డబ్బా మూత తీయకండి. ఫిబ్రవరి, మార్చి బాగుంటాయి.

ఇంకో సంగతి. షాపులో దొరికే ఎన్‌సీ లక్కర్ తలుపులకీ బల్లలకీ చేసింది. రోజూ రెండు గంటలు చెమట చెయ్యి రాసుకునే నెక్ కోసం చేసింది కాదు. మే నెలలో బొటనవేలు ఆనే చోట జిగురు జిగురుగా తగులుతుంది. చవకరకం గిటార్ స్టాండ్‌కి ఉండే రబ్బరు, వినైల్ గొట్టాలు నైట్రోని కరిగించి మచ్చ చేస్తాయి. స్టాండ్‌కి కాటన్ గుడ్డ చుట్టుకోవాలి. ఫ్యాక్టరీ నుంచి నైట్రోతో వచ్చిన గిటార్ ఉంటే హాయిగా వాడుకోండి, దాన్ని గీకి ఇంకోటి కొట్టించకండి. ఉన్న మంచి పూతని తీసేసి నైట్రో కొట్టించుకోవడం మాత్రం, రంగు కోసమే అయితే, నేను వద్దనే చెబుతాను.

పీయూ దగ్గరే అందరూ బోల్తా పడతారు, ఎందుకంటే పీయూ అని ఒకటి లేదు, రెండు ఉన్నాయి. ఒక రకం హార్డెనర్‌లో ఆరోమాటిక్ ఐసోసయనేట్ ఉంటుంది, అది వెలుతురుకి బాగానే పసుపు తిరుగుతుంది. రెండోది అలిఫాటిక్, దాదాపు తిరగదు. షాపులో ఈ పేర్లు అడిగితే అబ్బాయి మన మొహం చూస్తాడు. సాధారణంగా ఇంటీరియర్ పీయూ మొదటి రకం, ఎక్స్‌టీరియర్ పీయూ రెండో రకం అయి ఉంటుంది. డబ్బా మీద నాన్ యెల్లోయింగ్ అని ఉందో లేదో చూసుకోండి. బండ్లకీ కార్లకీ టచింగ్ చేసే షెడ్లలో హార్డెనర్ కలిపి కొట్టే 2కె క్లియర్ కూడా అలిఫాటిక్ జాతిదే, ఎండలో నిలబడే బండి కోసం చేసింది కాబట్టి అందులో అతినీలలోహిత కిరణాలని పీల్చే మందులు కూడా కలిపి ఉంటాయి. అవి కింద చెక్క పసుపు తిరగడాన్ని నెమ్మదింపజేస్తాయి, ఆపలేవు. లిగ్నిన్‌ని కదిలించడానికి మామూలు వెలుతురులోని ఊదా, నీలం భాగం కూడా కొంత చాలు.

గిటార్లు బాగుచేసేవాళ్ళు దగ్గరలో లేనప్పుడు బండ్ల పెయింటర్ నిజంగా మంచి దారి. అతని గన్ శుభ్రంగా ఉంటుంది, దుమ్ము పడకుండా కొట్టడం తెలుసు, ఈ 2కె వానాకాలంలో కూడా ఎన్‌సీ పెట్టినంత ఇబ్బంది పెట్టదు. కాకపోతే ముందే ఒకటికి రెండుసార్లు చెప్పాలి: పలచగా కొట్టాలి, పెట్రోల్ ట్యాంకు మీద కొట్టినంత మందం వద్దు. నెక్ మీద పూత మందమైతే అద్దం పట్టుకున్నట్టు ఉంటుంది, చెయ్యి జారదు. ఎండిపోయాక వెనక భాగాన్ని మెత్తటి స్కాచ్‌బ్రైట్‌తో నిలువుగా రుద్ది మెరుపు చంపితే చెయ్యి హాయిగా ఆడుతుంది. ఒక జాగ్రత్త. హార్డెనర్‌లోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులకి పడదు, ఒకసారి పడకుండా పోతే ఆస్తమా లాగా పట్టుకుంటుంది. కర్చీఫ్ కట్టుకుని ఇంట్లో కొట్టే పని కాదిది. సరైన మాస్కు, గాలాడే చోటు ఉన్నవాడి చేతికే ఇవ్వండి.

కొత్తగా కొన్న గిటార్లలో ఎక్కువ భాగం పాలియెస్టర్ లేదా పాలియురెథేన్‌తో వస్తాయి. గట్టిగా, మందంగా, రంగు తక్కువ మార్చుకుంటాయి. వాటిని గీకడం మొదలుపెట్టిన వాళ్ళెవరూ సంతోషంగా ముగించడం నేను చూడలేదు. ఎమరీ పేపర్ అరిగిపోతుంది, చెయ్యి పడిపోతుంది, నెక్ ఆకారం పోతుంది.

మెలమైన్. వడ్రంగి మేస్త్రీని అడిగితే మొదట చెప్పేది ఇదే, డైనింగ్ టేబుల్‌కి కొట్టి మెప్పు పొందాడు కాబట్టి. ఆమ్లం కలిపితే గట్టిపడే రకం, ఘాటుగా కళ్ళు మండించే వాసన ఫార్మాల్డిహైడ్‌ది. మందంగా పడితే పెళుసు. తెల్లగా మొదలై నెమ్మదిగా పసుపు తిరుగుతుంది గానీ, నైట్రోలాగా రిపేరు సుఖమూ లేదు, పీయూలాగా చెమటకి ఓర్పూ లేదు. గిటార్‌కి వద్దు.

నీళ్ళతో కలిపే యాక్రిలిక్ క్లియర్లు రంగులో అందరికంటే తెల్లగా ఉంటాయి. మేపుల్ మీద కొడితే మొదట్లో కాస్త నీలం పట్టినట్టు, ప్రాణం లేనట్టు కనపడుతుంది. తెల్లటి మేపుల్ తెల్లగానే వీలైనన్నాళ్ళు ఉండాలనుకునేవాళ్ళకి సరే.

నూనెల సంగతికి వద్దాం, ఎందుకంటే చేతికి బాగుండేది ఇదే. ఎర్నీ బాల్ మ్యూజిక్ మ్యాన్ అనే కంపెనీ గిటార్ల నెక్‌లకి తుపాకీ మడమలకి వాడే నూనె, పైన మైనం పట్టిస్తారు. పూత ఉందని తెలియదు, చెక్కనే పట్టుకున్నట్టు ఉంటుంది. మన దగ్గర సులువుగా దొరికేది అవిసె నూనె, అంటే లిన్‌సీడ్ ఆయిల్. టంగ్ చెట్టు గింజల నుంచి తీసే టంగ్ ఆయిల్ కంటే ఇది ఎక్కువ పసుపు తిరుగుతుంది. దీని వింత ఏంటంటే, మిగతావి వెలుతురుకి పసుపు తిరిగితే అవిసె నూనె చీకట్లో పెట్టినప్పుడు ఎక్కువ తిరుగుతుంది, వెలుతురులో పెడితే కొంత విరుగుతుంది కూడా. తైలవర్ణ చిత్రాలు వేసేవాళ్ళకి ఇది పాత తలనొప్పి. గిటార్ కేసులో మూసి పెట్టి ఆరు నెలలు దుబాయ్ వెళ్ళొచ్చి "ఇదేంది ఇట్టా ముదిరింది" అనుకోకండి.

నూనెకి అసలు లోటు మురికి. మేపుల్ లేత రంగు కాబట్టి చెమట, వేళ్ళ నలుపు దాచుకోలేదు. వెనక భాగానికి ఏడాదికోసారి సన్నగా రుద్ది మళ్ళీ నూనె పట్టించుకుంటే నడుస్తుంది. వేళ్ళు ఆనే ముందు భాగానికి, అంటే ఫింగర్‌బోర్డ్‌కి, మాత్రం వద్దే వద్దు, ఫ్రెట్ల మధ్య నెలల్లో బూడిద రంగు మరకలు పడతాయి. మన కుర్రాడి నెక్ మీద నల్లబడింది కూడా అలాగే కదా. నూనె తుడిచిన గుడ్డ ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఆ ఉండ లోపల వేడి పోగై తనంత తానే అంటుకుంటుంది. రోహిణీ కార్తెలో మన ఎండలకి చెప్పక్కర్లేదు. నీళ్ళలో తడిపి, విప్పి ఆరేయాలి. కొబ్బరి నూనె రాయమని సలహా ఇచ్చే పెద్దలు ప్రతి ఊళ్ళో ఒకరుంటారు. ఉదయగిరి గరిటెకి వంటింట్లో నూనె తగిలి నిగనిగలాడటం చూసి చెబుతారు. కొబ్బరి నూనె ఎన్నాళ్ళయినా ఆరదు. దుమ్ము పట్టి, కంపు కొట్టి కూర్చుంటుంది.

లక్క, అదే షెల్లాక్, స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పట్టించేది. దీని గుణం మిగతావాటికి తిరగబడి ఉంటుంది: రంగు మొదటిరోజే వచ్చేస్తుంది, తర్వాత పెద్దగా మారదు. బ్లాండ్ రకం లేత పసుపు, బటన్ లక్క ఎర్రమట్టి రంగు. చెమటకి, వేడికి, ముఖ్యంగా శానిటైజర్ రాసుకున్న చేతికి ఆగదు. నెక్‌కి పనికిరాదు. కానీ మైనం తీసిన లక్కని అడుగు కోటుగా ఒక చెయ్యి పట్టించి, పైన పీయూ కొడితే, చెక్క మీదికి వెచ్చదనం వెంటనే వస్తుంది. మైనం ఉన్న మామూలు లక్క మీద పీయూ పట్టు తప్పుతుంది, అది చూసి కొనుక్కోండి.

రంగు కలిపిన క్లియర్ గురించి ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే కందుకూరు కుర్రాడికి కావాల్సింది నిజానికి అది. ఫెండర్ వారి చవక బ్రాండ్ స్క్వయర్‌లో వచ్చే క్లాసిక్ వైబ్ లాంటి గిటార్లలో నెక్ కొత్తప్పుడే తేనె రంగులో వస్తుందంటే పూతలో తేనె రంగు డై కలిపారన్నమాట. అదే ఇక్కడా చేయొచ్చు. పచ్చి చెక్క మీద స్టెయిన్ పూయకండి, మేపుల్ ఒక్కోచోట ఒక్కోలా పీల్చుకుని మచ్చలు మచ్చలుగా వస్తుంది. పులిచారల మేపుల్ టాప్‌లో చారలు ఎగదీయడానికి ఆ పని కావాలనే చేస్తారు, అది వేరు. నెక్‌కి ఒకటో రెండో క్లియర్ కోట్లు కొట్టి, ఆ పైన డై కలిపిన కోటు, మళ్ళీ పైన ఉత్త క్లియర్. అలా అయితే పైకోటు అరిగినా రంగు వెంటనే లేచిపోదు.

ఎక్కువమంది పొరపడేది ఎంత రంగు కలపాలన్న దగ్గర. ఫోన్లో 1957 ఫెండర్ స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్ గిటార్) ఫొటో చూపించి ఇంతే ఉండాలంటారు. అంతే కలిపితే మొదటి ఏడాది ముచ్చటగా ఉంటుంది. తర్వాత చెక్క తన వంతు పసుపు కలుపుతుంది. పూత ఆరోమాటిక్ పీయూ అయితే అదీ కలుపుతుంది. నాలుగేళ్ళకి బత్తాయి తొక్క రంగు. మీకు కావాల్సిన దానికంటే ఒక మెట్టు లేతగా ఆపండి, మిగతాది వెలుతురుకి వదిలేయండి. నేను ఇలా చెబితే కుర్రాడు మొహం మాడ్చుకున్నాడు, ఇప్పుడే కావాలన్నాడు. చివరికి ఒప్పుకున్నాడనుకోండి.

రంగు బాడీలున్న వాళ్ళకి ఒక మాట. పై క్లియర్ పసుపు తిరిగితే కింద నీలం ఆకుపచ్చ అవుతుంది, తెలుపు మీగడ అవుతుంది. పాత ఒలింపిక్ వైట్ ఫెండర్లు అలా అయినవే. ఎరుపుది ఇంకో కథ, అక్కడ రంగే వెలుతురుకి వెలిసిపోతుంది. 1958 నుంచి 1960 దాకా వచ్చిన సన్‌బర్స్ట్ (మధ్యలో పసుపు, అంచుల్లో ఎరుపు) రంగు గిబ్సన్ లెస్ పాల్ గిటార్లలో ఆ ఎరుపు పోయి మేపుల్ టాప్ నిమ్మపండు, టీ రంగుల్లో మిగలడానికి కారణం అదే. నీలం గిటార్ నీలంగానే ఉండాలంటే పసుపు తిరగని పీయూ తప్ప వేరే మాట లేదు.

పూతతో పనిలేకుండా గోధుమ రంగు కావాలంటే రోస్టెడ్ మేపుల్ నెక్ కొనుక్కోవచ్చు. ఆక్సిజన్ తక్కువ ఉన్న కొలిమిలో చెక్కని బాగా వేడిచేసి రంగు తెప్పిస్తారు. తేమకి ఉబ్బడం, వంగడం తగ్గుతుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డున ఉండేవాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే. దీని రంగు మాత్రం ఎండలో ముదరదు, ఏళ్ళ మీద కాస్త వెలుస్తుంది.

కుర్రాడికి నేను తేల్చి చెప్పింది: ఫింగర్‌బోర్డ్ మీద నలుపు రుద్ది తీసి, ఎక్స్‌టీరియర్ పీయూ పలచగా, మధ్యలో ఒకే ఒక్క తేనె రంగు కోటు. వెనక భాగం పూత బాగానే ఉంది, దాన్ని ముట్టుకోవద్దు, మెరుపు చంపితే చాలు. పైపూత చెక్కుచెదరని కొత్త గిటార్ తెచ్చి "పసుపు తెప్పించు" అనేవాళ్ళకి అయితే ఏమీ కొట్టించొద్దనే చెబుతాను. కేసులోంచి తీసి, నేరుగా ఎండ పడని వెలుతురున్న గదిలో గోడకి తగిలించండి. తొందరపడి మే నెలలో డాబా మీద పెడితే రంగు కంటే ముందు నెక్ వంగుతుంది.

డాబా మీద పెట్టదగ్గవి వేరే ఉన్నాయి: ఏ పూత ఎంత రంగు తిరుగుతుందో మీరే చూసుకోవడానికి పూత కొట్టిన మేపుల్ ముక్కలు. మేపుల్ ముక్క నెల్లూరులోనో ఒంగోలులోనో ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. మీ చర్చిలో డ్రమ్స్ వాయించే అబ్బాయి దగ్గర విరిగిన స్టిక్కులు ఉంటాయి. వాటిమీద మేపుల్ అని రాసి ఉన్నవి ఏరుకోండి, హికరీ, ఓక్ వద్దు. పైపూత రుద్ది తీసేసి, ఒక్కోదానికి ఒక్కో క్లియర్ పట్టించి, ఆరాక సగానికి వంటింటి అల్యూమినియం ఫాయిల్ చుట్టి, దండెం మీద తీగతో కట్టేయండి. పేరు పెన్సిల్‌తో రాసుకోండి, పెన్ను ఎండకి వెలిసిపోతుంది. ఎండాకాలం రెండు నెలలు చాలు.

మా డాబా మీద కట్టినవి జూన్‌లో విప్పి చూశాం. ఎన్‌సీది అన్నిటికంటే ముదిరింది. ఎక్స్‌టీరియర్ పీయూ కొట్టిన స్టిక్కు మీద కూడా ఫాయిల్ ఎక్కడిదాకా ఉందో తెలిసేటట్టు ఒక పలచటి గీత ఉంది, కుర్రాడి నెక్ మడమ దగ్గర ఉన్నట్టే.